హాఫ్ డోమ్ ఎక్కి, దిగి, ఇంటికి రావడం ఎలా?

హాఫ్ డోమ్ అంటే కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో ఉన్న పెద్ద బండ కొండ. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను దాన్ని ఎక్కలేదు. చివరి బండ మీద పట్టుకుని ఎక్కడానికి కట్టిన ఉక్కు తాళ్ళు, అంటే కేబుళ్ళు, మొదలయ్యే చోటు దాకా వెళ్ళి, తలెత్తి చూసి, వెనక్కి వచ్చేశాను. పర్మిట్ జేబులోనే ఉంది. కాళ్ళలో ఓపిక కూడా కొంచెం మిగిలింది. కానీ అప్పటికే మధ్యాహ్నం ఒకటిన్నర దాటింది, పక్కనున్న క్లౌడ్స్ రెస్ట్ కొండ వైపు మబ్బులు నల్లగా లేస్తున్నాయి. మేం పొద్దున నడక మొదలుపెట్టిందే ఏడున్నరకి. ఎక్కడ దెబ్బతిన్నామని తర్వాత చాలాసార్లు ఆలోచించుకున్నాను. బూట్లు బాగానే ఉన్నాయి, నీళ్ళు సరిపోయాయి, ప్రాక్టీస్ కూడా చేశాం. పోయిందల్లా పొద్దున్న ఆ మూడు గంటలే.

మరుసటేడు మళ్ళీ వెళ్ళి ఎక్కాను. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఒక్క లెక్క చుట్టూనే తిరుగుతుంది: మధ్యాహ్నం పన్నెండు కొట్టేలోపు శిఖరం వదిలి దిగడం మొదలుపెట్టాలి. ఆ పన్నెండు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే ఎన్నింటికి లేవాలో, ఎక్కడ పడుకోవాలో, సంచిలో ఎంత బరువు పెట్టుకోవాలో వాటంతటవే తేలిపోతాయి.

ముందు దూరం సంగతి

పార్కులో హ్యాపీ ఐల్స్ అనే చోట దారి మొదలవుతుంది. అక్కడ లోయ నేలే సముద్రమట్టానికి 4,000 అడుగుల ఎత్తులో ఉంటుంది. శిఖరం 8,800 అడుగుల పైచిలుకు. అంటే మీరు కాళ్ళతో ఎక్కాల్సింది దాదాపు 4,800 అడుగులు. ఏ దారిన వెళ్ళారన్న దాన్నిబట్టి రానూపోనూ 14 నుంచి 16 మైళ్ళ పైచిలుకు, కిలోమీటర్లలో 23 నుంచి 26. మామూలు ఓపిక ఉన్నవాళ్ళకి 10 నుంచి 12 గంటలు పడుతుంది.

"అలిపిరి మెట్లు ఎక్కినోళ్ళం, ఇదో లెక్కా" అని మా గ్యాంగులో ఒకడు అన్నాడు. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. అవి ఎక్కి, దర్శనం చేసుకుని, లడ్డూ పట్టుకుని బస్సులో దిగుతాం. ఇక్కడ బస్సు లేదు. ఎక్కడం ఒకెత్తు, దిగడం ఒకెత్తు అంటాం కదా, హాఫ్ డోమ్ దగ్గర ఆ మాట అక్షరాలా నిజం. శిఖరం చేరినప్పుడు మీ పని సగమే అయింది.

పర్మిట్

కేబుళ్ళు నిలబెట్టి ఉన్న కాలంలో పర్మిట్ లేకుండా పైకి పోనివ్వరు. మే చివరి వారం నుంచి అక్టోబరు రెండో వారం దాకా, వాతావరణాన్నిబట్టి ఆ కేబుళ్ళు నిలబెడతారు. 2010లో వారాంతాలకి, 2011 నుంచి ప్రతిరోజుకీ పర్మిట్ తప్పనిసరి చేశారు. రోజుకి 300 మందికే అనుమతి. అందులో 225 మంది ఒక్కరోజులో వెళ్ళి వచ్చేవాళ్ళు, మిగతావాళ్ళు కొండల్లో రాత్రి క్యాంప్ చేసేవాళ్ళు.

లాటరీ రెండు రకాలు. పెద్దది మార్చి 1 నుంచి 31 దాకా రిక్రియేషన్ డాట్ గవ్ సైట్‌లో ఉంటుంది. ఒక అప్లికేషన్‌లో ఆరుగురికి అడగొచ్చు, ఏడు తేదీల దాకా ఇవ్వొచ్చు. ఫలితాలు ఏప్రిల్ మధ్యలో వస్తాయి. అప్లికేషన్‌కి పది డాలర్లు, అది తగిలినా తగలకపోయినా తిరిగి రాదు. తగిలితే మనిషికి ఇంకో పది.

మనవాళ్ళు ఎక్కువగా బోల్తా కొట్టేది ఇక్కడే. ఆరుగురు ఫ్రెండ్స్ కలిసి ఆరు అప్లికేషన్లు పెడతారు. ఒకరి అప్లికేషన్‌లో ఇంకొకరి పేరు ఆల్టర్నేట్‌గా, అంటే లీడర్‌కి బదులు మనిషిగా రాస్తారు, ఛాన్స్ పెరుగుతుందని. లీడర్‌గా గానీ ఆల్టర్నేట్‌గా గానీ ఒక మనిషి పేరు ఒక్కసారే ఉండాలి. రెండు చోట్ల కనిపిస్తే ఆ అప్లికేషన్లన్నీ రద్దు. ఆరుగురు ఉంటే ఇద్దరిద్దరుగా విడిపోయి మూడు అప్లికేషన్లు పెట్టుకోండి, తలా ఒకచోటే పేరు. కొండకెళ్ళే రోజు ఆ లీడరో ఆల్టర్నేటో గ్రూపుతో ఉండి తీరాలి. "నా పర్మిట్ తీసుకుని నువ్వెళ్ళు బ్రో" అంటే కుదరదు.

తేదీల్లో శని, ఆదివారాలు వదిలేయండి. ఒక మంగళవారం, ఒక బుధవారం సెలవు పెట్టుకోగలిగితే అవకాశం బాగా మెరుగవుతుంది. నెల ఏదంటే నా ఓటు జూన్ మూడో వారం నుంచి జులై మొదటి వారం దాకా. జలపాతాల్లో నీళ్ళు నిండుగా ఉంటాయి, పగలు పొడుగ్గా ఉంటుంది. సెప్టెంబరు కూడా మంచిదే, జనం తక్కువ, ఎండ తక్కువ. కాకపోతే అప్పటికి పగలు కురచైపోతుంది.

మార్చిలో తగలకపోతే రోజువారీ లాటరీ ఉంది. మీరు ఎక్కాలనుకున్న రోజుకి రెండు రోజుల ముందు, అర్ధరాత్రి నుంచి సాయంత్రం నాలుగింటిలోపు, పసిఫిక్ టైమ్ ప్రకారం అప్లై చేయాలి. బే ఏరియాలో, అంటే శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఇది పనికొస్తుంది. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో రెండు రోజుల నోటీసుతో విమానం టికెట్ కొనడం కష్టమే.

పర్మిట్‌కీ పార్కు ఎంట్రీ ఫీజుకీ సంబంధం లేదు, అది వేరే కట్టాలి. కొన్నేళ్ళు వేసవిలో పార్కులోకి రావడానికే విడిగా రిజర్వేషన్ పెట్టారు కాబట్టి ఆ ఏడాది నియమం పార్కు వెబ్‌సైట్‌లో చూసుకోండి.

కాళ్ళని సిద్ధం చేయడం

మూడు నెలలు కావాలి. జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తడం ఊపిరికి మంచిదే గానీ కొండకి సరిపోదు.

బే ఏరియాలో ఫ్రీమాంట్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి మిషన్ పీక్ అనే కొండ చేతిలో ఉన్న పాఠశాల. దాని శిఖరం 2,517 అడుగులు, స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు నుంచి ఎక్కితే రెండు వేల అడుగులకి పైగా ఎక్కుతారు. ఆదివారం పొద్దున ఆ దారిలో నాలుగడుగులకోసారి తెలుగు వినిపిస్తుంది. ఒక మిషన్ పీక్ మీద ఇంకో మిషన్ పీక్ పెట్టినా హాఫ్ డోమ్ ఎక్కుడు ఇంకా మిగులుతుంది. మొదటి నెల మామూలుగా వెళ్ళి రండి. రెండో నెల సంచిలో నాలుగు లీటర్ల నీళ్ళు వేసుకుని వెళ్ళండి. మూడో నెలలో ఒక్క రోజున రెండుసార్లు ఎక్కి దిగండి. ఆ రెండో దిగుడులో మీ మోకాళ్ళు ఏం చెబుతాయో వినండి. అవి మొరాయిస్తే ఏప్రిల్‌లోనే తెలిసిపోవడం మేలు, హాఫ్ డోమ్ దారిలో నెవాడా ఫాల్ అనే జలపాతం దగ్గర తెలియడం కంటే.

కొండలు లేని ఊళ్ళలో ఉంటే పెద్ద పార్కింగ్ గరాజ్ మెట్లే దిక్కు. ఎక్కేటప్పుడు సంచీతో ఎక్కండి, దిగేటప్పుడు కూడా మెట్లే వాడండి, లిఫ్ట్ వద్దు. మనకి పిక్కలు పట్టేసేది, తొడలు వణికేది దిగేటప్పుడే. దానికి వేరే మందు లేదు, దిగి దిగి అలవాటు చేసుకోవడమే.

చేతుల సంగతి ఎవరూ చెప్పరు. కేబుళ్ళ దగ్గర మిమ్మల్ని మీరు పైకి లాక్కోవాలి. వారానికి రెండుసార్లు ఒక కడ్డీ పట్టుకుని వేలాడండి, ముప్ఫై సెకన్లు వేలాడగలిగితే చాలు.

సంచిలో ఏముండాలి

బూట్లు ముఖ్యం. వందేళ్ళుగా జనం ఎక్కీ ఎక్కీ కేబుళ్ళ మధ్య రాయి పాత గుడి గడపలా నున్నగా అరిగిపోయింది. అడుగున పట్టు ఉన్న హైకింగ్ బూట్లు కావాలి, అవి కనీసం యాభై మైళ్ళు నడిచి ఉండాలి. మా మొదటి ట్రిప్పులో ఒకతను డబ్బాలోంచి తీసిన కొత్త బూట్లతో వచ్చాడు. దారిలో మొదటి జలపాతం వెర్నల్ ఫాల్ దాటేసరికి రెండు మడమల మీద రూపాయి బిళ్ళంత బొబ్బలు.

చేతి తొడుగులు తప్పనిసరి. హార్డ్‌వేర్ షాపులో తోటపనికి అమ్మే రబ్బరు పూతవి తీసుకోండి. తోలువి జారతాయి. ఉక్కు తాళ్ళ మీద ఉత్త చేతులతో పైకి లాక్కుంటే అరచేతులు ఒరుసుకుపోతాయి. దిగాక వాటిని అక్కడే పారేసి రాకండి. వెనక వచ్చేవాళ్ళకి పనికొస్తాయని మంచి మనసుతోనే వదిలేస్తారు, చివరికి అదంతా ఒక చెత్తకుప్ప అవుతుంది, రేంజర్లు, అంటే పార్కు సిబ్బంది, మోసుకుని దిగాలి.

నీళ్ళు మనిషికి నాలుగు లీటర్లు. ఫిల్టర్ ఉంటే మూడు లీటర్లతో మొదలుపెట్టి దారి మధ్యలో వచ్చే లిటిల్ యోసెమిటీ వ్యాలీ దగ్గర మెర్సెడ్ నదిలో నింపుకోవచ్చు. నది నీళ్ళు అద్దంలా కనిపిస్తాయి, అయినా అలాగే తాగొద్దు. జియార్డియా అనే క్రిమి ఉంటుంది, వారం తర్వాత కడుపు పట్టుకుని కూర్చుంటారు.

తిండి విషయంలో ఎనర్జీ బార్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మూడోది తినేసరికి నోరు తీపెక్కి, నాలుగోది చూస్తేనే వెగటు. చింతపండు పులిహోర ఎండకి పాడవదు, పులుపూ ఉప్పూ చెమట పోసిన ఒంటికి హాయిగా ఉంటాయి. చిన్న చిన్న పొట్లాలుగా కట్టుకుని గంటన్నరకోసారి నాలుగు ముద్దలు తినండి. పల్లీ పట్టీ, ఖర్జూరం, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. పెరుగన్నం మాత్రం ఇంట్లో వదిలేయండి, తొమ్మిదింటికే పులిసిపోతుంది, తిన్నాక నిద్రొస్తుంది.

హెడ్‌ల్యాంప్ మనిషికొకటి. ఫోన్ లైటు లెక్కలోకి రాదు. పల్చటి రెయిన్‌కోటు, టోపీ, ఫోన్‌లో ముందే దించుకున్న మ్యాపు, పర్మిట్ ప్రింటు, ఫొటో ఐడీ. దారిలో సిగ్నల్ ఉండదు కాబట్టి అక్కడ ఈమెయిల్ తెరిచి చూపిద్దామనుకోకండి.

హార్నెస్, అంటే కేబుల్‌కి తగిలించుకోవడానికి నడుముకి కట్టుకునే పట్టీ, పెట్టుకోవాలా అని అందరూ అడుగుతారు. పార్కు తప్పనిసరి చేయలేదు, ఎక్కువమంది పెట్టుకోరు. ఎత్తంటే భయం ఉన్నవాళ్ళు పెట్టుకుంటే నేను నవ్వను. పెట్టుకుంటే రెండు తాళ్ళు, రెండు కొక్కేలు ఉండాలి. కేబుళ్ళని మోసే స్తంభం దాటేటప్పుడు ఒక కొక్కెం తీసి అవతల తగిలించేదాకా రెండోది కేబుల్‌కే ఉండాలి. అదంతా ఇంట్లో మంచానికి కట్టుకుని ప్రాక్టీస్ చేసి రండి, మీ వెనక నలభై మంది ఎదురుచూస్తుండగా నేర్చుకోవడం బాగోదు.

ముందు రోజు రాత్రి

బే ఏరియా నుంచి అర్ధరాత్రి బయల్దేరి, నాలుగు గంటలు కారు నడిపి, నేరుగా కొండెక్కే వీరులు ఉన్నారు. చేయకండి. ఎక్కడం సంగతి సరే, పన్నెండు గంటలు నడిచాక మళ్ళీ ఆ ఘాట్ రోడ్డు మీద నాలుగు గంటలు స్టీరింగ్ పట్టుకోవాలి. రెండు రాత్రులు రూము తీసుకోండి. లోయలో కర్రీ విలేజ్ గుడారాలు దొరికితే అదృష్టం, ట్రెయిల్‌హెడ్‌కి, అంటే దారి మొదలయ్యే చోటికి, నడిచి వెళ్ళొచ్చు. దొరక్కపోతే పార్కు బయట ఎల్ పోర్టల్ దగ్గర. మారిపోసా, ఓక్‌హర్స్ట్ ఇంకా దూరం.

మూడున్నరకి లేవండి. నాలుగున్నరకి నడక మొదలవ్వాలి. ఆ వేళకి షటిల్ బస్సు తిరగదు. ట్రెయిల్‌హెడ్ పార్కింగ్ నుంచి హ్యాపీ ఐల్స్‌కి అర మైలు అదనంగా నడవాల్సిందే.

కారులో తిండి వదలకండి. ఎలుగుబంట్లు తలుపులు వంచి తీస్తాయి. పార్కింగ్ దగ్గర ఇనుప లాకర్లు ఉంటాయి, వాసన వచ్చేదేదైనా అందులోనే పెట్టాలి. టూత్‌పేస్ట్ కూడా. ఆవకాయ సీసా సంగతి వేరే చెప్పాలా?

ఎక్కడం

మొదటి 0.8 మైలు తారు దారే, కానీ నిట్టనిలువుగా ఉంటుంది. నిద్రమత్తులో అక్కడే ఆయాసం వచ్చి చాలామంది కంగారుపడతారు. కంగారొద్దు, నెమ్మదిగా వెళ్ళండి, పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత వేగమే సరైన వేగం. వెర్నల్ ఫాల్ వంతెన దగ్గర బాత్రూములు, వేసవిలో కుళాయి నీళ్ళు ఉంటాయి. ఇదే ఆఖరి కుళాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళని ఈ వంతెన దాకా తీసుకొస్తే చాలు, హాఫ్ డోమ్‌ని గ్లేసియర్ పాయింట్‌కి కారులో తీసుకెళ్ళి చూపించొచ్చు.

వంతెన దాటాక కొంచెం దూరంలో దారి చీలుతుంది. ఎడమవైపు మిస్ట్ ట్రెయిల్, కుడివైపు జాన్ మ్యూర్ ట్రెయిల్. వెళ్ళేటప్పుడు మిస్ట్, వచ్చేటప్పుడు మ్యూర్. మిస్ట్ ట్రెయిల్ దగ్గరిదారి, పైగా చీకట్లో చల్లగా ఎక్కేయొచ్చు. గ్రానైట్‌లో కొట్టిన 600 పైచిలుకు మెట్లు, ఒకదాని ఎత్తు ఇంకొకదానికి ఉండదు, కొన్ని మోకాలి దాకా వస్తాయి. జూన్‌లో 317 అడుగుల వెర్నల్ ఫాల్ తుంపర దారి మీదే కురుస్తుంది. హెడ్‌ల్యాంప్ వెలుగులో ఆ తుంపర తెల్లటి దోమల గుంపులా ముఖానికి ఎదురొస్తుంది, ముందు మెట్టు కనపడదు. లైటు తలమీంచి తీసి చేత్తో కిందకి పట్టుకుంటే మెట్టు కనిపిస్తుంది. రెయిన్‌కోటు ఇక్కడే వేసుకోండి. ఫోన్లు ప్లాస్టిక్ కవర్లో వేయండి.

జలపాతం పైన రెయిలింగ్ ఉంటుంది. ఆ పక్కనే ఎమరాల్డ్ పూల్, నున్నటి బండమీద పారే సిల్వర్ ఏప్రన్. చూడ్డానికి మన ఊళ్ళో చెరువు మత్తడిలా ఉంటుంది, కాళ్ళు పెట్టాలనిపిస్తుంది. పెట్టొద్దు. 2011 జులైలో రెయిలింగ్ దాటి నీళ్ళ దగ్గరికి వెళ్ళినవాళ్ళలో ముగ్గురు ఈ జలపాతం మీంచే కొట్టుకుపోయారు. మెర్సెడ్ నది పైకి నెమ్మదిగా కనిపిస్తుంది, అడుగున లాగుతుంది.

అక్కడి నుంచి 594 అడుగుల నెవాడా ఫాల్ పక్కన మళ్ళీ మెట్లు. దాని పైకి ఏడుంపావుకి చేరితే మీరు లెక్కలో ఉన్నట్టు. ఎనిమిదిన్నర అయితే గ్రూపులో ఒకసారి మాట్లాడుకోవాలి.

తర్వాత ఒక మైలున్నర వరం. లిటిల్ యోసెమిటీ వ్యాలీ, ఇసక నేల, దాదాపు చదును, రెండువైపులా పెద్ద చెట్లు. ఇక్కడ టాయిలెట్ ఉంది, ఇదే ఆఖరిది. నదిలో నీళ్ళు ఫిల్టర్ చేసుకుని సీసాలన్నీ నింపండి. ఇక్కణ్ణుంచి శిఖరం దాకా మళ్ళీ నమ్మదగ్గ నీళ్ళు లేవు. పావుగంట కూర్చుని పులిహోర తినండి.

ఆపైన అడవిలో మెలికలు. చూడ్డానికి ఏమీ ఉండదు, మొత్తం దారిలో విసుగు పుట్టించే భాగం ఇదే. జాన్ మ్యూర్ ట్రెయిల్ కుడికి పోతుంది, హాఫ్ డోమ్ దారి ఎడమకి, అక్కడి నుంచి రెండు మైళ్ళు.

చెట్లు పల్చబడి బండ కనిపించాక సబ్ డోమ్ వస్తుంది, హాఫ్ డోమ్‌కి ముందుండే చిన్న గుండు. దాని కిందే రేంజర్ పర్మిట్లు, ఐడీలు చూస్తారు. కేబుళ్ళ గురించి అందరూ కథలు చెబుతారు గానీ చాలామందికి ప్రాణం పోయినంత పనయ్యేది ఈ సబ్ డోమ్ మీదే. నాలుగు వందల అడుగులు, నీడ లేదు, మెట్లు కురచగా మొదలై చివర్లో మాయమైపోతాయి, తర్వాత ఉత్త బండ. ఇరవై అడుగులు వేయండి, పది సార్లు ఊపిరి తీసుకోండి, మళ్ళీ ఇరవై.

సబ్ డోమ్ ఎక్కేముందు ఆకాశం వైపు ఒకసారి చుట్టూ తిరిగి చూడండి. తెల్లటి మబ్బులు కాలీఫ్లవర్‌లా పైకి పొంగుతుంటే, ఉరుము వినిపిస్తే, బండ తడిగా ఉంటే అక్కడితో ఆపేయాలి. 1985 జులై 27న శిఖరం మీద పిడుగుపడి ఇద్దరు చనిపోయారు. ఆ బోడి బండ మీద అన్నిటికంటే ఎత్తుగా నిలబడింది మీరే, చేతుల్లో రెండు ఉక్కు తాళ్ళు. ఇక తడిసిన బండ మీద ఎంత మంచి బూటైనా సబ్బు మీద కాలేసినట్టే జారుతుంది. ఈ నిర్ణయం అక్కడికెళ్ళి తీసుకుందామనుకుంటే తీసుకోలేరు. ముందురోజు రాత్రే గ్రూపంతా కూర్చుని "పదిన్నరకి కేబుళ్ళ కింద లేకపోతే వెనక్కి" అని ఒక టైము రాసుకోండి. మా మొదటి ట్రిప్పులో అలా రాసుకోలేదు. ఇరవై నిమిషాలు వాదించుకున్నాం, ఇద్దరు అలిగారు, ఒకరు ఏడ్చారు. చివరికి వాదన తేల్చింది ఉరుమే.

కేబుళ్ళు

1860ల్లో జోసయ్య విట్నీ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ శిఖరం మీద మనిషి కాలు ఎప్పటికీ పడదని రాశాడు. 1875 అక్టోబరులో జార్జ్ ఆండర్సన్ అనే ఆయన బండలో ఒక్కో రంధ్రం తొలుస్తూ, ఇనుప మేకులు దిగేస్తూ, వాటిమీదే నిలబడి ఇంకోటి తొలుస్తూ పైకి చేరాడు. ఇప్పుడున్న కేబుల్ దారిని సియెర్రా క్లబ్ 1919లో మొదలుపెట్టింది.

చివరి 400 అడుగులు ఇదే. భువనగిరి కోట ఎక్కినవాళ్ళకి ఏకశిల అంటే ఏంటో తెలుసు. ఆ బండని ఇంకా నున్నగా చేసి, 45 డిగ్రీల వాలుకి వంచి, రెండు వైపులా ఏమీ లేకుండా చేస్తే ఇదవుతుంది. రెండు ఉక్కు తాళ్ళు, వాటిని మోసే ఇనుప స్తంభాలు, దాదాపు పదడుగులకోసారి స్తంభాల మొదట్లో అడ్డంగా ఒక చెక్క. ఈ స్తంభాలు రంధ్రాల్లో ఊరికే నిలబెట్టి ఉంటాయి, బిగించి ఉండవు, లాగితే ఊడి పైకి వస్తాయి. అందుకే స్తంభం పట్టుకుని పైకి లాక్కోకండి. పట్టు ఎప్పుడూ కేబుల్ మీదే.

మొదలుపెట్టేముందు సంచికి వేలాడేవన్నీ లోపల పెట్టండి. చేతికర్రలు మడిచి కట్టేయండి. నేను నాలుగో చెక్క మీద ఉండగా పైనెవరిదో స్టీలు సీసా జారింది. "బాటిల్!" అని అరుపు వినబడింది, టంగు టంగుమని బండ మీద ఎగురుతూ నా ఎడమవైపు నుంచి పోయింది, నాలుగో దెబ్బకి అంచు దాటింది, ఆ తర్వాత చప్పుడే లేదు. ఎంతసేపటికీ కింద పడ్డ చప్పుడు వినబడలేదు. నా వెనకున్న మా బామ్మర్ది, "బావా, ఆగిపోయావేంటి?" అన్నాడు. "ఆగలేదురా, ఊపిరి తీసుకుంటున్నా" అన్నాను. రెండూ నిజమే.

ఎక్కే పద్ధతి ఇది. రెండు చేతులూ రెండు కేబుళ్ళ మీద. పాదం మొత్తం బండకి ఆనాలి, వేళ్ళ మీద నిలబడితే జారుతుంది. ఒంటిని బండకి అంటించుకోకుండా నిటారుగా ఉంచితే బూటు పట్టు బాగుంటుంది, భయానికి మాత్రం వంగిపోవాలనిపిస్తుంది. చెక్క నుంచి చెక్కకి ఒక్క ఊపులో వెళ్ళి, చెక్క మీద నిలబడి అలుపు తీర్చుకోవాలి. మధ్యలో ఆగితే చేతులు పట్టేస్తాయి. కింద ఏముందో చూడక్కర్లేదు, ముందున్నవాళ్ళ మడమలు చూస్తే చాలు.

పొద్దున పదింటికి ముందు చేరితే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. పదకొండు దాటితే పైకెళ్ళేవాళ్ళూ కిందికొచ్చేవాళ్ళూ ఒకే దారిలో చిక్కుకుని అమీర్‌పేట సిగ్నల్‌లా తయారవుతుంది. ఎదురొచ్చేవాళ్ళని దాటేటప్పుడు ఒకరు చెక్క మీద ఒక పక్కకి ఒదిగి నిలబడాలి, రెండోవాళ్ళు దాటాలి. "మీరు రండి, నేను ఆగుతా" అని గట్టిగా చెప్పేయండి. ఎంత ఆలస్యమైనా కేబుళ్ళ బయటి నుంచి దాటే పని మాత్రం చేయకండి. భయంతో కదల్లేకపోతున్నవాళ్ళు కనిపిస్తే మెల్లిగా మాట్లాడండి, తొందరపెట్టకండి. మీకే అలా అయితే వెనకవాళ్ళకి చెప్పి దిగిపోండి. సగం నుంచి దిగిపోయినవాళ్ళని నేను చాలామందిని చూశాను, ఎవరూ ఏమీ అనలేదు.

పైన

వాలు మెల్లిగా తగ్గి, ఒక్కసారిగా మీరు లేచి మామూలుగా నడుస్తున్నారని తెలుస్తుంది. పైభాగం అనుకున్నదానికంటే చాలా విశాలం. ఒకవైపు టెనాయా లోయ, దాని మీద క్లౌడ్స్ రెస్ట్, ఇంకోవైపు నిన్న మీరు కారు ఆపిన యోసెమిటీ లోయ ఆకుపచ్చ గీతలా. అంచు దగ్గర బయటికి పొడుచుకొచ్చిన రాయి మీద అందరూ ఫొటోలు దిగుతారు, దానికీ క్యూ ఉంటుంది. అంచుకి వెళ్ళేటప్పుడు పాకుతూ వెళ్ళినా తప్పు లేదు, సెల్ఫీ కోసం వెనక్కి అడుగులేయడమే తప్పు.

సంచీ నేల మీద పెట్టి తిరగకండి. ఉడతలు, వాటి జాతివే అయిన పెద్ద మార్మట్లు జిప్ తీయవు, గుడ్డ కొరికేస్తాయి. మా పులిహోర పొట్లం ఒకటి అలాగే పోయింది. అరగంట చాలు. మబ్బు కనిపిస్తే అరగంట కూడా వద్దు.

దిగడం

కేబుళ్ళ మీద ముఖం బండవైపు పెట్టి వెనక్కి దిగండి, నిచ్చెన దిగినట్టు. బరువు కాళ్ళ మీద, చేతులు తాళ్ళ మీద జార్చుకుంటూ. కొంతమంది ముందుకి తిరిగి దిగుతారు, నాకు ఆ ధైర్యం లేదు.

సబ్ డోమ్ దిగాక హమ్మయ్య అనుకుని అందరూ వేగం పెంచుతారు. మడమలు మెలిపడేది అప్పుడే. చేతికర్రలు ఇప్పుడు బయటికి తీయండి. లిటిల్ యోసెమిటీ వ్యాలీలో మళ్ళీ నీళ్ళు నింపుకుని, బూట్లు విప్పి, మేజోళ్ళు మార్చుకోండి. పొడి మేజోళ్ళ జత అప్పుడు ఎంత విలువైనదో తొడుక్కుంటే తెలుస్తుంది.

నెవాడా ఫాల్ దగ్గర మిస్ట్ ట్రెయిల్ వైపు తిరగకండి. మైలుకి పైగా ఎక్కువైనా జాన్ మ్యూర్ ట్రెయిలే పట్టుకోండి. అలసిన కాళ్ళతో ఆ తడి మెట్లు దిగడం, పైగా మధ్యాహ్నానికి కింద నుంచి టూరిస్టులు ఎదురొస్తుంటారు. మ్యూర్ దారి వెడల్పుగా, మెలికలుగా, మోకాళ్ళకి మన్నింపుగా ఉంటుంది. నెవాడా ఫాల్, దాని వెనక లిబర్టీ క్యాప్, ఆ వెనక హాఫ్ డోమ్ వీపు ఒకే చోట కనిపించేది కూడా ఈ దారిలోనే. వంతెన దగ్గర కుళాయికి క్యూ ఉన్నా ఆగి ముఖం కడుక్కోండి. సాయంత్రం నాలుగు, ఐదింటికి హ్యాపీ ఐల్స్‌కి చేరతారు. అప్పటికి షటిల్ బస్సులు తిరుగుతుంటాయి, ఆ అర మైలు నడిచి పౌరుషం చూపించక్కర్లేదు.

కారు డిక్కీలో ఒక జత హవాయి చెప్పులు పెట్టుకోవడం మర్చిపోకండి. పాదాలు ఉబ్బి బూట్లు ఒకసారి విప్పాక మళ్ళీ ఎక్కవు.